‘సగం’ అని రాసిన జవాబుకు ఎన్ని మార్కులు? ఒక మెకానిక్స్ క్లాసు కేస్ స్టడీ

ప్రకాశం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో 14 ఏళ్ళుగా ఫిజిక్స్ చెప్తున్నాను. ఇక్కడ రాస్తున్నది ఒక బ్యాచ్ గురించి, ఒక్క సెమిస్టర్ గురించి. బీఎస్సీ ఫస్టియర్, మెకానిక్స్, తరంగాలు, డోలనాల పేపర్, 42 మంది పిల్లలు. చీమకుర్తి, పొదిలి, కొండపి, టంగుటూరు వైపు నుంచి బస్సుల్లో వచ్చేవాళ్ళే ఎక్కువ. పిల్లలు ఎవరో తెలిసిపోయే వివరాలు రాయను కానీ నేను చేసిన తప్పు మాత్రం పూర్తిగా రాస్తాను, ఫిజిక్స్ చెప్పే మనలో చాలామందిమి అదే తప్పు చేస్తున్నామని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ప్రతి ఏడాది మొదటి క్లాసులో నేను చెప్పే మాట ఒకటి ఉంది. "బట్టీ వద్దు. అర్థం చేసుకోండి. ఫిజిక్స్ అంటే ఆలోచించడం." పిల్లలు తల ఊపుతారు. ఆ మాట వాళ్ళు నమ్మారో లేదో నేను ఎప్పుడూ అడగలేదు.

మా దగ్గర పేపర్‌కు 100 మార్కులు, అందులో 75 యూనివర్సిటీ పరీక్షకు, 25 ఇంటర్నల్స్‌కు. నా చేతిలో ఉన్నది ఆ 25 మాత్రమే. ఆ ఏడాది మొదటి మిడ్ 15 మార్కులకు పెట్టాను, మూడు ప్రశ్నలు, ఒక్కోటి 5 మార్కులు. మొదటిది రాకెట్ చలన సమీకరణం రాబట్టడం. రెండోది దృఢ వస్తువు భ్రమణానికి చలన సమీకరణం. ఈ రెండూ ఏ గైడ్ తెరిచినా ఇంపార్టెంట్స్‌లో మొదటి వరసలో ఉండేవే. మూడోది నేను సొంతంగా తయారుచేసిన లెక్క.

లెక్క ఇది. చీమకుర్తి క్వారీలో ఒక గ్రానైట్ బ్లాక్, పొడవు 3 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు, ఎత్తు 1.5 మీటర్లు, నేల మీద పడుకుని ఉంది. ఆ రాయి ఘనపు మీటరుకు సుమారు 3 టన్నులు తూగుతుంది. పొడవు వైపు ఒక చివర అంచు కింద జాకీ పెట్టి, ఆ అంచు నేల నుంచి అప్పుడే లేచే క్షణంలో జాకీ మీద ఎంత బలం పడుతుంది?

ఘనపరిమాణం 9 ఘనపు మీటర్లు, ద్రవ్యరాశి 27 టన్నులు, అంటే బరువు 2,64,600 న్యూటన్లు. ఎదుటి అంచును ఇరుసుగా తీసుకుంటే బరువు మధ్యలో, అంటే 1.5 మీటర్ల దూరంలో కిందికి లాగుతుంది, జాకీ 3 మీటర్ల దూరంలో పైకి నెడుతుంది. కాబట్టి జాకీ బలం బరువులో సగం, 1,32,300 న్యూటన్లు. పొడవు ఎంతైనా సగమే. ఆ సంగతి పిల్లలకు వాళ్ళంతట వాళ్ళకే తట్టాలని నా ఆశ. మా పిల్లల ఊళ్ళ పక్కన ఉన్న రాయి, రోజూ లారీల మీద చూసే రాయి, కాబట్టి ఇష్టంగా చేస్తారనుకున్నాను.

42 మందిలో 31 మంది ఆ లెక్కను ముట్టుకోనే లేదు, లేదా బలం = ద్రవ్యరాశి × త్వరణం అని రాసి వదిలేశారు. మొదటి రెండు ప్రశ్నలు మాత్రం దాదాపు అందరూ రాశారు, కొందరైతే గైడ్‌లో ఉన్న కామాలతో సహా.

నన్ను ఆపేసిన పేపర్లు రెండు. అసలు కేసు ఆ రెండింటిదే.

ఒకటి ఒక అబ్బాయిది. మొదటి రెండు ప్రశ్నలు ఖాళీ. మూడో దానికి తెలుగులో రెండే వాక్యాలు: "సగం బరువు. మిగతా సగం రెండో అంచు దగ్గర నేల మోస్తుంది." బొమ్మ లేదు, సూత్రం లేదు, అంకె లేదు. నేను 5కి 1 వేశాను. స్టెప్స్ లేవు కదా.

రెండోది ఒక అమ్మాయిది. రాకెట్ సమీకరణం ఎక్కడా ఒక్క గుర్తు తప్పకుండా రాబట్టింది, చివర్లో గురుత్వం పదంతో సహా. 5కి 5 వేశాను. పేపర్లు ఇచ్చిన రోజు మాటల్లో మాటగా "ఇందులో u అంటే ఏందమ్మా?" అని అడిగాను. ఆ అమ్మాయి వెంటనే, ఏమాత్రం అనుమానం లేకుండా, "తొలి వేగం మేడమ్" అంది. ఇంటర్‌లో v = u + at లో u తొలి వేగం. ఇక్కడ u అంటే రాకెట్‌తో పోలిస్తే వాయువు బయటికి దూసుకుపోయే వేగం. రెండు పేజీల డెరివేషన్ అంతా ఆ ఒక్క ఊహ మీదే నిలబడి ఉంది. అది తెలియకుండానే పూర్తి మార్కులు తెచ్చుకుంది, వేసింది నేనే.

అదే రోజు మధ్యాహ్నం ఆ అబ్బాయి స్టాఫ్ రూమ్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మార్కులు పెంచమని రాలేదు. "మేడమ్, సగం అనేది తప్పా?" అని అడిగాడు. తప్పు కాదు అన్నాను. "మా నాయన క్వారీలోనే చేస్తాడు మేడమ్. జాకీ పెట్టి లేపేటప్పుడు బరువంతా జాకీ మీద పడదంటాడు, రెండో పక్క నేల మీదే ఉంటది గదా. మీరు అర్థం చేసుకొని రాయమన్నారని అట్టా రాశాను." నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ తన క్లాసుకు బలాల గురించి మామూలు మాటల్లో ఉండే పరీక్ష పెట్టినప్పుడు ఒక విద్యార్థిని, మీరు నేర్పినట్టు రాయాలా, నేను మామూలుగా ఆలోచించేట్టు రాయాలా అని అడిగిందని ఆయనే చాలాసార్లు చెప్పారు. మా అబ్బాయి మామూలుగా ఆలోచించినట్టే రాశాడు, దానికి నేను 1 వేశాను.

సెమిస్టర్ మొదట్లో నోటితో ఒకటి చెప్పాను, ఎర్ర పెన్నుతో ఇంకోటి చెప్పాను. పిల్లలు పెన్ను మాటే నమ్ముతారు, నమ్మాలి కూడా, ఎందుకంటే వాళ్ళ మెమో మీద పడేది అదే.

వారం తిరక్కుండానే ప్రిన్సిపాల్ గారు పిలిచారు. ఒక తండ్రి వచ్చి కూర్చుని ఉన్నాడు, పొదిలి దగ్గర పల్లె నుంచి పని మానుకుని వచ్చిన రైతు. "మేడమ్ గారూ, మా పాపకి ఇంటర్‌లో 900 పైన వచ్చినయ్. ఎప్పుడూ ఇట్టా తక్కువ రాలేదు. ఏం చదవాలో చెప్తే చదువుతుంది, పుస్తకంలో లేనిది ఇస్తే ఎట్టా?" అన్నాడు. గొంతులో కోపం లేదు, టెన్షన్ ఉంది. లెక్క పుస్తకంలో లేదు కానీ సూత్రం ఉందండీ అని చెప్పాను. ఆయన అర్థమైనట్టు తల ఊపాడు. ఆ పాపకు ఇలాంటి ప్రశ్న వస్తుందని, ఇలా రాస్తే ఇన్ని మార్కులని నేను ఒక్కసారి కూడా చెప్పలేదన్నది మాత్రం నిజం. ఆయన ఫిర్యాదులో న్యాయం ఉంది, అది ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మా డిపార్ట్‌మెంట్‌లో సీనియర్ ఒకాయన అన్న మాట కూడా రాయాలి. "యూనివర్సిటీ పేపర్‌లో ఇట్టాంటివి రావమ్మా. 75 మార్కులు అక్కడున్నాయి. నువ్వు 25 కోసం వాళ్ళని కొత్త దారి పట్టిస్తే ఆ 75 ఎవరు తెచ్చిపెడతారు?" ఇది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చున్న ఎవరికైనా తెలుసు, కట్టలకొద్దీ పేపర్లు ముందు ఉన్నప్పుడు కన్ను వెతికేది తెలిసిన స్టెప్స్ కోసమే. ‘సగం బరువు’ అని రాసిన పిల్లవాడికి అక్కడ దక్కేది ఏమీ ఉండదు. అందుకే ఆ తర్వాత ఏం మార్చినా డెరివేషన్లను మాత్రం తీసెయ్యలేదు.

ఆ రోజుల్లో ఒక పాత పరిశోధన మళ్ళీ చదివాను. 1998లో అమెరికాలోని మేరీలాండ్ యూనివర్సిటీకి చెందిన ఎడ్వర్డ్ రెడిష్, మరో ఇద్దరు కలిసి, పిల్లలు ఫిజిక్స్ కోర్సు నుంచి ఏం ఆశించి వస్తారో తెలుసుకోవడానికి 34 వాక్యాల సర్వే ఒకటి వాడి, ఆరు కాలేజీలు, యూనివర్సిటీల్లో దాదాపు 1500 మందిని అడిగారు. ఫిజిక్స్ అంటే విడివిడి ఫార్ములాల కుప్పా లేక ఒకదానికొకటి అతుక్కున్న విషయమా, బయటి ప్రపంచంతో దానికి సంబంధం ఉందా, గణితం అంటే అంకెలు వేయడమేనా, ఇలాంటివి. ఒక సెమిస్టర్ చదివాక పిల్లల అభిప్రాయాలు అనుభవజ్ఞుల ఆలోచనకు దగ్గరవుతాయని మనం అనుకుంటాం. మొత్తం మీద అవి దూరమయ్యాయి. అంటే మనం పాఠం చెప్పిన కొద్దీ, పరీక్షలు పెట్టిన కొద్దీ, ఫిజిక్స్ బట్టీ వ్యవహారమే అనే నమ్మకం వాళ్ళలో గట్టిపడే ప్రమాదం ఉంది.

నేను ఆ సర్వేను వాడలేదు. మా పిల్లల మాటల్లో ఎనిమిది వాక్యాలు సొంతంగా రాసి, పేర్లు లేకుండా చీటీల మీద ఒప్పుకుంటారో లేదో రాయమన్నాను, చివర ఒక ఖాళీ గీత వదిలి "నేను బట్టీ పట్టేది ఎందుకంటే..." అని పూర్తి చేయమన్నాను. ఫార్ములా తెలిస్తే లెక్క వచ్చినట్టే అన్నదానికి ఎక్కువమంది ఒప్పుకున్నారు, అది ఊహించిందే. నేను ఊహించనిది ఆ ఖాళీ గీత దగ్గర వచ్చింది. సగానికి పైగా చీటీల్లో ఇంగ్లీష్ మాట ఉంది. "అర్థమైంది ఇంగ్లీష్‌లో రాయలేను", "సొంతంగా రాస్తే గ్రామర్ తప్పులు వస్తాయి", "గైడ్‌లో వాక్యం అయితే తప్పు ఉండదు".

మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీష్ మీడియమే. పదో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్లలు నా క్లాసులో ఎంతోమంది. నేను ఇన్నాళ్ళూ బద్ధకం అనుకున్న బట్టీలో కొంత భాగం అసలు భాష సమస్య. ఆలోచన తెలుగులో ఉంది, పేపర్ ఇంగ్లీష్ అడుగుతోంది, ఆ మధ్య దూరం దాటించే పడవ గైడ్ ఒక్కటే. ఇది ముందే తెలిసి ఉంటే ఆ ‘సగం’ జవాబును వేరే కళ్ళతో చదివేదాన్ని.

ఆ తర్వాత చేసిన పని ఒకటి బాగా పనికొచ్చింది, దాని గురించి ఎక్కువ రాస్తాను. మొదటి మిడ్‌లోని మూడు జవాబులు, పిల్లల అనుమతి తీసుకుని, నా చేతిరాతతో మళ్ళీ రాసి, జిరాక్స్ తీసి క్లాసులో పంచాను. మొదటిది ‘సగం’ జవాబు, రెండోది లెక్క అంతా చేసి చివర్లో 13,23,000 న్యూటన్లు అని రాసిన జవాబు, అంటే ఒక సున్నా ఎక్కువ పడి రాయి బరువుకు ఐదింతలు వచ్చింది. మూడోది టార్క్ (బలానికి ఉండే తిప్పే ప్రభావం) నిర్వచనం, డెరివేషన్ అంతా రాసి లెక్క దగ్గర ఆగిపోయిన జవాబు. "మీరే మార్కులు వేయండి, ఎందుకు వేశారో ఒక లైన్ రాయండి" అన్నాను.

ఎక్కువమంది మూడో దానికి 4 వేశారు. ‘సగం’ జవాబుకు కొందరు సున్నా, కొందరు 5, మధ్యలో ఎవరూ లేరు. గొడవ మొదలైంది. "లెక్క చేయకుండా 5 ఎట్టా ఇస్తావ్, అందరం రెండు లైన్లు రాసి పోతాం" అని ఒకమ్మాయి. "మరి మూడో దాంట్లో జవాబే లేదు గదా, దానికి 4 ఎందుకు?" అని ఇంకోడు. "కష్టపడి రాశాడు గదా." "కష్టపడి అడగంది రాశాడు." అప్పుడు వెనక బెంచీలో మామూలుగా నోరు విప్పని ఒకబ్బాయి "సగం అని గుడ్డిగా కూడా రాయొచ్చు. నేల మోస్తుంది అన్నాడు చూడు, అది తెలిసినోడే రాస్తాడు" అన్నాడు. క్లాసు కాసేపు నిశ్శబ్దమైపోయింది. రెండో జవాబు గురించి మాట్లాడుతున్నప్పుడు, రాయి బరువు కంటే జాకీ మీద ఐదింతలు బలం పడటం కుదిరే పనేనా అని నేను అడగకముందే ఒకళ్ళు అడిగారు. ఆ గంటలో టార్క్ గురించి జరిగిన చర్చ నేను రెండు వారాలు చెప్పిన పాఠంలో జరగలేదు.

ఆ చర్చ నుంచే మార్కుల పద్ధతి తయారైంది. లెక్కకు 5 మార్కులైతే, బొమ్మ గీసి బలాలు గుర్తించినందుకు 1, ఏ సూత్రం ఎందుకు వాడుతున్నారో సొంత మాటల్లో రాస్తే 2, తెలుగులో రాసినా సరే. లెక్కకు 1. జవాబు నమ్మదగ్గదిగా ఉందో లేదో ప్రమాణాలతో సహా చూసి ఒక మాట రాస్తే 1. డెరివేషన్ ప్రశ్నకైతే స్టెప్స్‌కు 3 మార్కులు, అందులోని ప్రతి అక్షరం దేన్ని సూచిస్తుందో, ఫలితం ఎక్కడ పనిచేయదో చెప్పినందుకు 2. దీన్ని ఒక కాగితం మీద రాసి పరీక్షకు మూడు వారాల ముందే నోటీసు బోర్డు మీద పెట్టాను, ఫోన్లో ఫొటో తీసుకోమన్నాను. మొదటి మిడ్‌లో పోయిన మార్కుల్లో సగం తిరిగి తెచ్చుకునే దారి కూడా ఇచ్చాను, తప్పు ఎక్కడ జరిగిందో, ఎందుకు జరిగిందో పక్కన రాసి ఇస్తే. సరైన జవాబు కాపీ చేసి ఇస్తే ఏమీ రాదు.

ఆ అబ్బాయి మార్కు 1 నుంచి 3కి పెంచాను. సూత్రం వెనక ఉన్న కారణం రాశాడు కాబట్టి 2, జవాబు సరైనది కాబట్టి 1. అతనొక్కడికే చేస్తే అన్యాయం కాబట్టి 42 పేపర్లూ మళ్ళీ దిద్దాను, అలాంటివి ఇంకో రెండు దొరికాయి. రాకెట్ సమీకరణానికి వేసిన 5 మాత్రం తగ్గించలేదు. ముందు చెప్పని నియమంతో మార్కులు కోయడం మళ్ళీ అదే తప్పు.

ప్రాక్టికల్స్ గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మనం ఆశించేదానికీ మార్కులు వేసేదానికీ మధ్య దూరం అన్నిటికంటే అక్కడే ఎక్కువ. కాంపౌండ్ పెండ్యులంతో (ఊగే లోహపు కడ్డీతో) g, అంటే గురుత్వ త్వరణం విలువ కనుక్కునే ప్రయోగంలో ఏళ్ళ తరబడి అందరి రికార్డుల్లోనూ 980 లేదా 981 ఉంటుంది. ఒంగోలు ఉన్న అక్షాంశంలో g సెకనుకు సెకనుకు 978 సెంటీమీటర్లకు దగ్గరగా ఉంటుంది, అంటే కాపీ కొట్టిన ఆ విలువ మన ఊరిది కూడా కాదు. ఆ ఏడాది, వచ్చిన విలువే రాయండి, తేడా ఎంత ఉన్నా మార్కులు తగ్గించను, తేడా ఎందుకొచ్చిందో వెతికితే ఎక్కువ వేస్తాను అని చెప్పాను. ఒక జంటకు 1084 వచ్చింది. భయపడుతూ చూపించారు. ఎలా లెక్కపెట్టారో చేసి చూపించమంటే, లోలకాన్ని వదిలి స్టాప్‌వాచ్ నొక్కుతూనే "ఒకటి" అన్నారు. సున్నా దగ్గర మొదలుపెట్టాలి. 20 అని ఆపినప్పుడు నిజంగా జరిగినవి 19 డోలనాలే. కాలం ఆ మేరకు తగ్గింది, g కాలం వర్గానికి విలోమం కాబట్టి ఎక్కువైంది. 1084ను 19/20 వర్గంతో గుణించి చూడండి అన్నాను. 978 వచ్చింది. ఆ ఇద్దరు పిల్లల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఆ బ్యాచ్‌లో ఎక్కువ ప్రాక్టికల్ మార్కులు వాళ్ళకే వేశాను, రికార్డులో 1084 కొట్టెయ్యకుండా అలాగే ఉంచమని చెప్పి.

రెండో మిడ్‌లో లెక్క షేర్ ఆటోది. ఖాళీ ఆటో 400 కిలోలు, డ్రైవర్‌తో సహా జనం ఎక్కాక 900 కిలోలు. స్పీడ్ బ్రేకర్ దాటాక పైకీ కిందికీ ఊగే కాలం ఎన్ని రెట్లవుతుంది, షాక్ అబ్జార్బర్లు అరిగిపోతే ఆ ఊగడం గ్రాఫ్‌లో ఎలా మారుతుంది? ద్రవ్యరాశి వర్గమూలం మీద ఆధారపడుతుంది కాబట్టి ఒకటిన్నర రెట్లు. ఈసారి ఖాళీగా వదిలింది ఆరుగురే. బొమ్మలు వచ్చాయి, తెలుగు వాక్యాలు వచ్చాయి. ‘సగం’ అబ్బాయి ఈసారి సూత్రం రాసి, "బరువు పెరిగితే నిదానంగా ఊగుద్ది" అని కూడా రాశాడు, గ్రాఫ్ మాత్రం తప్పు గీశాడు. 5కి 4.

అంతా బాగా జరగలేదు. డెరివేషన్ కింద "ఫలితం ఎక్కడ పనిచేయదు" అన్నదానికి తొమ్మిది మంది ఒకే వాక్యం రాశారు, "ఇది ఆదర్శ పరిస్థితుల్లో మాత్రమే చెల్లుతుంది" అని. నేను పెట్టిన పద్ధతి కూడా బట్టీ అయిపోయింది. తప్పు వాళ్ళది అనను, నేను అడిగిందే అంత వదులుగా ఉంది. తర్వాతి బ్యాచ్‌లో ఆ ప్రశ్న తీసేసి, అవరోధ బలం వేగానికి కాకుండా వేగం వర్గానికి అనులోమంగా ఉంటే అవరుద్ధ డోలనాల (క్రమంగా తగ్గిపోయే ఊగుళ్ళ) డెరివేషన్‌లో ఏ లైన్ దగ్గర ఆగిపోతాం అని అడగడం మొదలుపెట్టాను. అది బట్టీ పట్టడం కష్టం, ఒక్క ఏడాది మాత్రమే వాడగలం అన్నది వేరే సంగతి.

యూనివర్సిటీ ఫలితాల్లో ఆ బ్యాచ్ అంతకుముందు బ్యాచ్‌ల లాగే ఉంది, పెద్దగా పెరగలేదు, తగ్గలేదు. సీనియర్ భయపడ్డట్టు 75 దగ్గర నష్టం జరగలేదన్నంతవరకే చెప్పగలను. ఒక క్లాసు, ఒక సెమిస్టర్, పోల్చడానికి పక్కన ఇంకో క్లాసు లేదు.

దిద్దే పని మాత్రం బాగా పెరిగింది. మొదట్లో ఒక పేపర్ ఆరేడు నిమిషాల్లో అయ్యేది, ఈ పద్ధతిలో 15 నిమిషాలు పట్టింది, తిరిగి రాసిచ్చినవి కూడా దిద్దాలి. ఇంట్లో వంట, పిల్లల పనులు అయ్యాక రాత్రి పదకొండు దాకా కూర్చున్న రోజులున్నాయి. అందుకని ఇప్పుడు తిరిగి రాసే అవకాశం మొదటి మిడ్‌కే ఇస్తున్నాను. జవాబులకు పిల్లలే మార్కులు వేసే గంటను మాత్రం సెమిస్టర్ రెండో వారానికి జరిపాను, మిడ్ అయ్యాక కాకుండా ముందే, పాత బ్యాచ్ జవాబులతో. మొదటి క్లాసులో చెప్పే ఆ మాట మానేశాను. దాని బదులు మార్కుల కాగితం పంచి, ‘సగం బరువు’ జవాబు బోర్డు మీద రాసి, దీనికి మీరైతే ఎన్ని వేస్తారు అని అడుగుతున్నాను.